కప్పు మీద సోలార్ ‘ఉచితం’ అంటున్నారా? కరెంటు కొనుగోలు ఒప్పందం (పీపీఏ)లో ఆ ఒక్క క్లాజు చూసుకోండి

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు, మిల్లులు నడిపేవాళ్లకు ఈ హెచ్చరిక. మాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదని రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను, అడగొద్దు.

మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. 200 కిలోవాట్ల ప్లాంటు సొంత ఖర్చుతో మా కప్పు మీద పెడతామని వచ్చారు. మేం పైసా పెట్టక్కర్లేదు, 20 ఏళ్లపాటు యూనిట్‌కు 4.50 రూపాయలు కడితే చాలన్నారు. గ్రిడ్ రేటుతో పోల్చుకుని మా అన్నదమ్ములం ఎగిరి గంతేశాం. ఒప్పందం 38 పేజీలు. ‘ఎనెక్సర్లు మెయిల్ చేస్తాం సార్, అవన్నీ స్టాండర్డే’ అన్నాడు వచ్చిన కుర్రాడు. ఎనెక్సర్లంటే ఒప్పందానికి వెనక జతచేసే పత్రాలు. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టాం. రాని ఎనెక్సర్లకు కూడా కలిపి అనుకోండి!

మూడో నెల బిల్లులో కొత్త లైను కనపడింది: ‘డీమ్డ్ జనరేషన్, 2,600 యూనిట్లు’. అంటే తయారు కాని కరెంటుకు 11,700 రూపాయలు. ఇదేంటని అడిగితే క్లాజు చూపించారు. కొనుగోలుదారు వైపు కారణంగా గానీ, గ్రిడ్ లేకపోవడం వల్ల గానీ ప్లాంటు ఆగితే, ఆ సమయంలో తయారై ఉండేదని లెక్కగట్టిన కరెంటుకు కూడా మేమే కట్టాలట.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్ ప్లాంటు, లైన్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్‌లో ఆ ఏర్పాటు ఉంటుంది. కాబట్టి ఫీడర్ మరమ్మతు అని పగలు నాలుగు గంటలు కోత పెడితే, మేం ఒకవైపు జనరేటర్‌కు డీజిల్ పోయాలి, ఇంకోవైపు రాని సోలార్ కరెంటుకూ కట్టాలి. లెక్క కట్టిన తీరు ఇంకా ఘోరం. ముసురు పట్టిన జులై మధ్యాహ్నం కోతకు కూడా నిండు ఎండ కాసినట్టే యూనిట్లు వేశారు.

రెండోది, ఆ రేటు మీద ఏడాదికి 3 శాతం పెంపు. చిన్నదేలే అనిపించింది. కాగితం మీద వేసి చూస్తే పదో ఏట 5.87, ఇరవయ్యో ఏట 7.89 రూపాయలు. ప్యానెళ్లిచ్చే కరెంటేమో ఏటేటా కాస్త కాస్త తగ్గుతూ పోతుంది.

మధ్యలో మానుకుందామంటే బయౌట్ ధర, అంటే ప్లాంటును మేమే కొనేసుకోవడానికి కట్టాల్సిన మొత్తం. అది ఆ మెయిల్ చేస్తామన్న ఎనెక్సర్‌లోనే ఉంది. మొదటి ఏడాది అంకె చూస్తే కొత్త ప్లాంటే చౌక.

తగాదా వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి చెప్పే తీర్పు) గురుగ్రామ్‌లోనట, ఆర్బిట్రేటర్‌ను పెట్టేదీ వాళ్లేనట. ఒక పక్షం తానొక్కటే ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పిందని మా లాయరు అన్నాడు. ఆయన్ని సంతకం తర్వాత కలిశాం, అదీ మా తెలివి. ‘కోర్టుకెళ్తే రేటు తగ్గుతుందా?’ అంటే ఆయన నవ్వాడు. 2019లో మన రాష్ట్ర ప్రభుత్వమే సోలార్, విండ్ పీపీఏల రేట్లు తగ్గించాలని చూసింది. కొంతకాలం సోలార్‌కు యూనిట్‌కు 2.44 రూపాయలే మధ్యంతర రేటుగా నడిచింది. చివరికి 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచ్, ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలంది. ప్రభుత్వానికే తప్పలేదు, ఇక మేమెంత?

అయిదు నెలలు తిరిగితే సవరణ పత్రం ఒకటి సాధించాం. గ్రిడ్ కోతలు డీమ్డ్ లెక్కలోంచి పూర్తిగా పోయాయి. కప్పు మరమ్మతుకు ఏడాదికి ఏడు రోజులు ఉచితంగా ఇచ్చారు. మిగతా డీమ్డ్ యూనిట్లు ప్లాంటు సామర్థ్యాన్ని బట్టి కాకుండా, అంతకుముందు వారం అవే గంటల్లో మీటర్ చూపించిన సగటును బట్టి వేయాలని రాయించాం. సంతకానికి ముందు అడిగి ఉంటే ఇవన్నీ ఒక్క పూటలో ఒప్పుకునేవాళ్లని ఆ కంపెనీ మనిషే తర్వాత టీ తాగుతూ చెప్పాడు. ఒళ్లు మండింది.

3 శాతం పెంపు కదల్లేదు. బయౌట్ మీద ఇంకా మాట్లాడుతున్నాం. మీ దగ్గరికి ఇలాంటి డ్రాఫ్టు వస్తే ముందు ఎనెక్సర్లన్నీ చేతికి తీసుకోండి, తర్వాత ‘డీమ్డ్’ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. మా దాంట్లో ఆరు చోట్ల ఉంది.