హెల్ప్ టు బయ్: సర్కారుతో పొత్తు పెట్టుకుని కొన్న ఇల్లు

ఐదుకి మూడు స్టార్లు.

హెల్ప్ టు బయ్ అంటే కొత్త ఇల్లు కొనడానికి ప్రభుత్వమే కొంత అప్పిచ్చే స్కీము. ఇంగ్లండ్‌లో 2023 మార్చిలోనే మూతపడిన దానికి ఇప్పుడు రివ్యూ ఏంటని అడగొచ్చు. ఈ అప్పు తీసుకున్నవాళ్లు చాలామంది ఇంకా కడుతూనే ఉన్నారు. ఈ ఒక్క నెలలోనే మన తెలుగువాళ్లు ఇద్దరు ఫోన్ చేసి, ఇది తీర్చేయాలా, వడ్డీ కట్టుకుంటూ పోవాలా అని అడిగారు. ఇద్దరికీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను వర్క్ పర్మిట్ మీద ఇక్కడికి వచ్చింది 2007 సెప్టెంబర్‌లో. వచ్చిన వారంలోనే టీవీలో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు, అది మునుగుతుందేమోనని డబ్బు తీసేసుకోవడానికి, జనం బారులు తీరి కనిపించారు. అచ్చం మా ఊరి రేషన్ షాపు ముందు క్యూలాగే ఉంది. ఇంటి ధర కంటే ఎక్కువ, 125 శాతం దాకా అప్పిచ్చిన బ్యాంకు అది. తర్వాతి ఫిబ్రవరిలో ప్రభుత్వం దాన్ని జాతీయం చేసేసింది. 2009 మార్చికల్లా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు అర శాతానికి దిగింది. దాచుకున్న డబ్బుకి వడ్డీ రాదు. అప్పు చవకే కానీ, పుట్టదు. మంచి రేటు కావాలంటే ఇంటి ధరలో 25 శాతం డిపాజిట్ (మన చేతి నుంచి ముందు పెట్టే డబ్బు) చూపించమనేవాళ్లు. అద్దె కడుతూ అంత కూడబెట్టడం మా వల్ల కాలేదు.

2010 మేలో నేనూ ఓటేశాను. కామన్వెల్త్ పౌరులం కాబట్టి భారత పాస్‌పోర్టుతోనే ఇక్కడ ఓటేయొచ్చు, చాలామందికి తెలియదు. ఎవరికీ మెజారిటీ రాలేదు. ఐదు రోజులు బేరసారాలు సాగి, కన్సర్వేటివ్ నాయకుడు కామెరాన్, లిబరల్ డెమొక్రాట్ నాయకుడు క్లెగ్ చేతులు కలిపారు. దిగిపోతున్న లేబర్ మంత్రి లియామ్ బర్న్ తన తర్వాత వచ్చేవాడికి ‘డబ్బేమీ లేదు’ అని చీటీ రాసి పెట్టి పోయాడు. ఆ చీటీని కొత్త ప్రభుత్వం లేబర్‌ని దెప్పడానికి ఐదేళ్లు వాడుకుంది. 2011 జనవరిలో వ్యాట్ పదిహేడున్నర నుంచి 20 శాతం అయింది. మా ఆఫీసులో రెండేళ్లు ఇంక్రిమెంటు లేదు. కాస్త ఊరటనిచ్చిందల్లా పన్ను లేని ఆదాయం పరిమితి: 6,475 పౌండ్ల నుంచి మెల్లగా పెరిగి 2014 ఏప్రిల్‌కి 10,000 అయింది. అది లిబరల్ డెమొక్రాట్లు పట్టుబట్టి సాధించుకున్నది. వాళ్లకి దక్కిన ఫలితం వేరే సంగతి: 2015లో 57 సీట్లు 8 అయ్యాయి.

ఇక స్కీము. 2013 మార్చి బడ్జెట్‌లో ఆర్థికమంత్రి ఆస్బోర్న్ ప్రకటించాడు, ఏప్రిల్‌లో మొదలైంది. కొత్తగా కట్టిన ఇళ్లకే, అదీ 600,000 పౌండ్ల లోపువాటికే. మనం 5 శాతం పెడితే ప్రభుత్వం 20 శాతం అప్పిస్తుంది, మిగతా 75 శాతం బ్యాంకు ఇస్తుంది. మేము మిల్టన్ కీన్స్‌లో మూడు బెడ్‌రూముల ఇల్లు 240,000 పౌండ్లకి తీసుకున్నాం. మా చేతి నుంచి 12,000, ప్రభుత్వానిది 48,000, బ్యాంకుది 180,000. 2014 మార్చిలో గృహప్రవేశం. పొగ అలారం మోగుతుందని పాలు పొంగించేటప్పుడు కిటికీలన్నీ తెరిచాం. చలికి పురోహితుడు గారు కోటు విప్పలేదు.

బాగున్నది ముందు చెబుతాను. మొదటి ఐదేళ్లు ప్రభుత్వ అప్పుకి వడ్డీ లేదు, నెలకి ఒక్క పౌండు ఫీజు అంతే. బ్యాంకు మాకు 75 శాతమే ఇస్తోంది కాబట్టి మంచి రేటు దొరికింది. ఇది లేకపోతే ఇంకో నాలుగేళ్లు అద్దె ఇంట్లోనే ఉండేవాళ్లం.

ఇప్పుడు మెలిక. ఇది 48,000 అప్పు కాదు, ఇంటి విలువలో 20 శాతం అప్పు. ఇల్లు పెరిగితే అప్పూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఫోన్లో నాన్నకి చెబితే క్షణంలో పట్టేశాడు. మా పల్నాడులో గేదె దూడని పొత్తుకి ఇస్తారు. దూడ ఒకరిది, మేత ఇంకొకరిది, అమ్మిన రోజు డబ్బు పంచుకుంటారు. “అయితే సర్కారుతో పొత్తు పెట్టుకున్నావన్నమాట. రేపు గోడ పడగొట్టాలన్నా వాళ్లనడగాలేమో చూసుకో అబ్బాయ్” అన్నాడు. నిజంగానే అడగాలి. ఇంట్లో పెద్ద మార్పులకి అనుమతి కావాలి, అద్దెకివ్వడం కుదరదు.

రెండో లోపం ధర. పక్క వీధిలో పాత ఇల్లు, ఇంకాస్త పెద్ద పెరడుతో, 215,000కే ఉంది. దానికి ఈ స్కీము వర్తించదు. అంటే ప్రభుత్వం మాకిచ్చిన సాయంలో సగం బిల్డరు గల్లాపెట్టెలోకే పోయిందని నా లెక్క. ఇలాంటి స్కీముతో ఇళ్ల ధరలు ఉబ్బుతాయని సంకీర్ణంలోనే వ్యాపార మంత్రిగా ఉన్న విన్స్ కేబుల్ అప్పుడే బయటికి అన్నాడు. అనేసి, మంత్రి పదవిలోనే కొనసాగాడు. పొత్తంటే అదే మరి. తర్వాత 2019లో నేషనల్ ఆడిట్ ఆఫీసు తేల్చిందేమిటంటే, ఈ అప్పు తీసుకున్నవాళ్లలో ఐదింట మూడొంతుల మంది అది లేకపోయినా ఏదో ఒక ఇల్లు కొనుక్కోగలిగేవాళ్లే. మేము మిగతా రెండొంతుల్లోని వాళ్లం.

అసలు తలనొప్పి తీర్చేటప్పుడు మొదలైంది. ఆరో ఏడు నుంచి వడ్డీ పడుతుందని 2019 జనవరిలో కదిలాం. ఆర్‌ఐసీఎస్ (ఆస్తుల విలువ కట్టేవాళ్ల వృత్తి సంఘం) గుర్తింపు ఉన్న వాల్యూయర్ చేత ఇల్లు లెక్క కట్టించాలి. ఆయన ఇరవై నిమిషాలు తిరిగి 300,000 అని రాశాడు. ఎవరైనా సంతోషపడతారు. మేము మాత్రం ఇంకాస్త తక్కువ రాస్తే బాగుండునని టెన్షన్ పడ్డాం. 20 శాతం అంటే 60,000. తీసుకున్నదానికి 12,000 ఎక్కువ. ఐదేళ్ల మీద చూస్తే ఏడాదికి నాలుగున్నర శాతం వడ్డీ కట్టినట్టే. ‘వడ్డీ లేని అప్పు’ అని బోర్డు మీద రాసినవాడికి ఓ దండం.

ఆ వాల్యుయేషన్ మూడు నెలలే చెల్లుతుంది. ఈలోపు కొత్త మార్ట్‌గేజ్ (బ్యాంకు ఇచ్చే ఇంటి అప్పు) రావాలి, లాయరు కాగితాలు పంపాలి, అప్పు చూసే ఏజెన్సీ ఒప్పుకోవాలి. ఏజెన్సీకి ఫోన్ చేసినప్పుడల్లా నలభై నిమిషాలు ఒకటే సంగీతం. ఒక ఫారం రెండుసార్లు పంపాను. గడువుకి ఆరు రోజుల ముందు పని అయింది.

ఫోన్ చేసిన ఇద్దరికీ ఒక మాట. ఆరో ఏడు వడ్డీ 1.75 శాతం, అదీ మొదట తీసుకున్న మొత్తం మీదే. మా లెక్కలో అయితే నెలకి 70 పౌండ్లు. ఆ తర్వాత ఏటా ద్రవ్యోల్బణానికి ఒక శాతం కలిపి పెంచుతారు. ఆర్‌పీఐ (ద్రవ్యోల్బణాన్ని కొలిచే ఒక సూచీ) 5 శాతం ఉంటే 1.75కి 6 కలిపి 7.75 అనుకుని గుండె పట్టుకోకండి. 1.75లో ఆరు శాతం పెరుగుతుంది, అంటే దాదాపు 1.86 అవుతుంది. 2021 ఏప్రిల్ నుంచి తీసుకున్నవాళ్లకి సూత్రం వేరు, సీపీఐ అనే ఇంకో సూచీకి రెండు శాతం కలుపుతారు. ఈ వడ్డీతో అసలు మాత్రం తరగదు. మొత్తం ఒకేసారి తీర్చలేకపోతే ఇంటి విలువలో పదోవంతు కట్టి సగం అప్పు దించుకోవచ్చు. మీ వీధిలో ధరలు కాస్త చల్లబడిన ఏడాది చూసి వాల్యూయర్ని పిలవండి.

అన్నట్టు, అప్పు తీరిపోయాక కూడా ఆ నెలవారీ పౌండు మా ఖాతాలోంచి ఇంకో రెండు నెలలు పోయింది. ఫోన్ చేసి అడుగుదామన్నాను. “నలభై నిమిషాలు ఆ సంగీతం వినే ఓపిక ఉంటే చెయ్యండి” అంది మా ఆవిడ. బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డెబిట్ నేనే తీసేశాను.