తిరుపతిలో ఆరు రాత్రులు, చంద్రగిరిలో ఒక నెల

తిరుపతి బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక లాడ్జి మా దగ్గర 6,600 రూపాయలు అన్యాయంగా తీసుకుంది. ఇది రాయడానికి మొదటి కారణం అదే. రెండో కారణం చంద్రగిరిలో ఒక మేడ మీది గది.

పదమూడేళ్లు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి, జనవరి ఆఖరున మానేశాను. ఇప్పుడు పుణెలోని ఒక చిన్న సంస్థకు ఒప్పందం మీద, సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల కోసం సూచనల పుస్తకాలు రాసిపెడుతున్నాను. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా ఇంటర్నెట్ ఉంటే చాలు, నేను ఏ ఊళ్లో ఉన్నా వాళ్లకు అభ్యంతరం లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి, సామాను పిన్ని ఇంట్లో పెట్టి, అమ్మా నేనూ బయలుదేరాం. మొదటి ఊరు తిరుపతే కావాలని అమ్మ పట్టుబట్టింది. నాకు ఉద్యోగం వస్తే మూడు కత్తెరలు ఇస్తానని అప్పట్లో మొక్కుకుంది. నా సెలవులు కుదరక ఆ మొక్కు అలాగే ఉండిపోయింది. ఉద్యోగం వచ్చినందుకు మొక్కినది, ఉద్యోగం మానేశాక తీర్చవలసి రావడం ఆమెకు ఎంతో బాధ. రైలు దిగేదాకా నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు.

లాడ్జి బేరం ఫోనులో కుదిరింది. నెలకు 24,000, అంటే రోజుకు 800. వైఫై ఉంది, వేడినీళ్లు ఉన్నాయి, బల్ల, కుర్చీ ఉన్నాయి అన్నారు. 15,000 అడ్వాన్సు నగదుగా ఇమ్మన్నారు. రసీదు అడిగితే, రసీదు రాస్తే పన్ను కలపాలమ్మా అన్నాడు మేనేజరు. రోజుకు 7,500 రూపాయల లోపు గదికి ఇప్పుడు పన్ను 5 శాతమే. 2025 సెప్టెంబరుకు ముందు 12 శాతం ఉండేది. 24,000 మీద 1,200 అయ్యేది. అది దండుగనిపించి ఊరుకున్నాను. ఆ కాగితం చేతిలో ఉండి ఉంటే తరువాతి కథ వేరుగా ఉండేది.

గదిలో బల్ల లేదు. అడిగితే భోజనం ప్లేటు పెట్టుకునే పీట ఒకటి తెచ్చి ఇచ్చారు. కరెంటు ప్లగ్గు స్నానాలగది తలుపు పక్కన ఒకటే ఉంది. అది వాడితే ఫ్యాను పక్కకు మంచం జరపాలి, జరిపితే తలుపు తెరుచుకోదు. వేడినీళ్లు తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు వరకే. వైఫై మాత్రం కింద రిసెప్షన్‌లో బ్రహ్మాండంగా వస్తుంది. మూడో అంతస్తులోని మా గదిలో ఉదయం పరవాలేదు కానీ సాయంత్రం కొండ దిగిన యాత్రికులంతా గదులకు చేరి ఇళ్లకు వీడియో ఫోన్లు చేసేసరికి నిలిచిపోతుంది. పనిలో చేరిన రెండో రోజే సమావేశం మధ్యలో మూడుసార్లు నా గొంతు ఆగిపోయింది. రాత్రి పదకొండుకు పడుకుంటే, ఒంటిగంటకు దర్శనం ముగించుకుని వచ్చేవాళ్లు, మూడింటికి దర్శనానికి బయలుదేరేవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. లాడ్జి ఉన్నది వాళ్ల కోసమే. నెల రోజులు పని చేసుకునేవాళ్లకు సరిపోతుందని చెప్పి మమ్మల్ని చేర్చుకోవడమే తప్పు.

అమ్మ ఈ ఆరు రోజులూ ఒక్క ఫిర్యాదు చేయలేదు. మంచం మీద కూర్చుని, తనకున్న నాలుగు చీరలూ తీసి మడతపెట్టేది, మళ్లీ తీసి మడతపెట్టేది. బిపి మాత్ర వేసుకునే ముందు రెండు ఇడ్లీలు తినమంటే ఒకటి తినేది. పిన్ని ఫోను చేస్తే, "అది సెలవు పెట్టింది, దర్శనానికి వచ్చాం" అని చెప్పడం విన్నాను.

(మాత్రల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా సాధారణంగా ఆఖరి పనిరోజుతో ముగుస్తుంది. తల్లిదండ్రులు అందులోనే ఉంటే వాళ్లకూ అంతే. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుంటుంది కాబట్టి నోటీసు కాలం నడుస్తుండగానే దరఖాస్తు పెట్టండి. కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగవలసి రావచ్చు. ఊళ్లు తిరగాలన్న ఉత్సాహంలో ఇది మరిచిపోకండి.)

ఆరో రాత్రి గడిచాక ఖాళీ చేస్తామని చెప్పాను. మేనేజరు లెక్క వేశాడు. నెల ఉంటేనే నెల ధర, లేకపోతే రోజుకు 1,600. ఆరు రోజులకు 9,600. శని, ఆదివారాలు రద్దీ కాబట్టి మరో 1,200. జనరేటరుకు రోజుకు వంద చొప్పున 600. మొత్తం 11,400 పోగా 3,600 చేతిలో పెట్టాడు. ఒప్పుకున్న ధర ప్రకారం ఆరు రోజులకు 4,800 కావాలి. వైఫై గదిలో రాలేదు కదా అంటే, "తిరుపతికి వచ్చి గదిలో కూర్చునేవాళ్లను మేమెక్కడా చూడలేదమ్మా" అన్నాడు. వినియోగదారుల సహాయ నంబరు 1915 కు ఫోను చేస్తానన్నాను. చేయండి, ఏ కాగితం చూపిస్తారు అన్నాడు. అతని మాటలోని ధీమా ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. పక్కన నిలబడిన అమ్మ అప్పుడు మొదటిసారి నోరు విప్పింది. "నా కూతురు గదిలో కూర్చోలేదు బాబూ, ఉద్యోగం చేసింది" అంది.

తిరుపతిలో నెల ఉండి పని చేసుకోవాలనుకునేవాళ్లు బస్టాండు, రైల్వేస్టేషను చుట్టుపక్కల లాడ్జీల జోలికి వెళ్లవద్దు. దేవస్థానం వారి విష్ణునివాసం, శ్రీనివాసం ఒకటి రెండు రోజుల యాత్రికుల కోసం, వాటిని వాళ్లకే వదిలేయండి. గది ఎక్కడైనా సరే, ఇంటర్నెట్‌ను రాత్రి ఎనిమిదింటికి, ఆ గదిలోనే, తలుపు వేసి పరీక్షించండి. డబ్బు ఫోను ద్వారా కట్టండి. నెల మధ్యలో వెళ్లిపోతే రోజుకు ఎంత అన్నది ముందే రాయించుకోండి.

చంద్రగిరి తిరుపతికి బస్సులో అరగంట. కోట చూద్దామని వెళ్లి, టీ కొట్టు దగ్గర అడిగితే ఒక ఇంటి మేడ మీద గది, చిన్న వంటగది చూపించారు. అద్దె 7,000, అడ్వాన్సు 7,000, కరెంటు వేరు. కేబుల్ అతను ఆ సాయంత్రమే తీగ లాగి 590 రూపాయలకు నెల కనెక్షను ఇచ్చాడు. నెల మొత్తంలో రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ గంటలోపే వచ్చి సరిచేశాడు. ఇంటామె తన కుట్టుమిషను బల్ల ఖాళీ చేసి పైకి పంపింది. కిటికీలోంచి కోట వెనక కొండ కనిపిస్తుంది.

మొదటి మధ్యాహ్నం భోజనం ఆమె పెట్టింది. నూకలతో ఉడికించిన రాగి సంగటి, వంకాయ పుల్లగూర, ఊరిబిండి అనే వేరుశనగల పచ్చడి, పైన నెయ్యి. వేరుశనగలను ఇక్కడ చెనక్కాయలంటారు. సంగటి గెలికే కట్టె ఆమె అత్తగారి కాలం నాటిదట, చివర నున్నగా అరిగిపోయింది. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి, నమలకుండా మింగాలని అమ్మకు చూపించింది. అమ్మ గోదావరి మనిషి, అన్నం తప్ప మరొకటి భోజనం అనదు. ఆ రోజు రెండో ముద్ద అడిగింది. ఆరు రోజుల తరువాత అమ్మ అడిగి వడ్డించుకున్న మొదటి భోజనం అది. నాకు పనికి కూర్చునే వేళవుతున్నా లేవబుద్ధి కాలేదు.

అది చింతపండు వచ్చే కాలం. మధ్యాహ్నాలు నేను పైన పని చేసుకుంటుంటే కింద అరుగు మీద వాళ్లిద్దరూ చింతకాయలు కొట్టి గింజలు తీస్తూ కూర్చునేవాళ్లు. అమ్మ ఆమెను వదినగారూ అనడం మొదలుపెట్టింది. ఆమె నన్ను పాపా అనేది. సమావేశం ఉన్న రోజు ముందుగా చెబితే, ఆ గంట మిక్సీ వేసేది కాదు.

ముందే ఆన్‌లైన్లో తీసుకున్న 300 రూపాయల టిక్కెట్లతో దర్శనం సాఫీగా అయింది, మొక్కు తీరింది. ఆ రోజు శ్రీవారి మెట్టు మీదుగా నేను నడిచి ఎక్కాను. 2,388 మెట్లు. అలిపిరి దారిలో 3,550 ఉంటాయి కాబట్టి, సమయం తక్కువున్నవాళ్లకు ఇదే మేలు. చంద్రగిరి నుంచి శ్రీవారి మెట్టుకు వెళ్లే దారిలో శ్రీనివాసమంగాపురం వస్తుంది. పెళ్లయ్యాక స్వామి ఆరు నెలలు అక్కడే ఉన్నాడని స్థలపురాణం. ఇంటామె అది చెప్పినప్పటి నుంచి అమ్మ మా ప్రయాణం గురించి కొంచెం మెత్తబడింది. "ఆయనే ఆగి ఆగి వెళ్లాడు" అంది ఒకసారి.

చంద్రగిరి కోటలోని మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి. రాజమహల్‌ను కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఇదొకటి. పని మొదలయ్యేలోపు పొద్దున్న పూట ఆ నీడలో కూర్చుని రాసుకున్న రోజులు నాకు హైదరాబాదు ఆఫీసులో పదమూడేళ్లలో దొరకలేదు. గుడిమల్లం పరశురామేశ్వరుణ్ణి చూడటానికి ఆటో రానుపోను 900 అడిగాడు, ఇచ్చాం. క్రీస్తుకు పూర్వపు లింగమది, దాని మీద నిలబడిన రూపాన్ని చెక్కారు. అంత పాత విగ్రహం ముందు మేమిద్దరమే ఉన్నాం. కాణిపాకం ఒక ఆదివారం వెళ్లి వచ్చాం.

చంద్రగిరి నెల ఖర్చు: అద్దె 7,000, కరెంటు 840, ఇంటర్నెట్ 590, తిండి 9,000, బస్సులు, ఆటోలు 4,150. మొత్తం 21,580. హైదరాబాదులో మా ఇంటి అద్దె ఒక్కటే 24,000 ఉండేది. జీతం దాదాపు సగానికి తగ్గింది కాబట్టి ఈ లెక్క నాకు చాలా ముఖ్యం.

ఖాళీ చేసే రోజు ఇంటామె అమ్మను మీటరు దగ్గరకు తీసుకెళ్లి అంకెలు చూపించి, కరెంటుకు 840 పట్టుకుని 6,160 లెక్కపెట్టి ఇచ్చింది. రెండు కిలోల గింజ తీసిన చింతపండు కూడా కట్టింది. మే నెలలో తిరుపతి గంగజాతరకు వస్తే ముందుగా ఒక మాట చెప్పమంది, గది ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతానంది. అమ్మ కొంగు ముడి విప్పి 2,000 అడ్వాన్సు ఇవ్వబోయింది. "ఇంట్లో మనుషుల దగ్గర అడ్వాన్సు ఏమిటి వదినా" అని ఆమె ఆ చేతిని వెనక్కి నెట్టేసింది.