తాంగ్‌యువాన్: ఫ్రోజెన్ ప్యాకెట్టా, ఇంట్లో చుట్టడమా?

చైనా కొత్త సంవత్సరం పదిహేనో రోజున, లాంతర్ల పండుగకి, నల్ల నువ్వుల ముద్ద కూరిన ఈ జిగురు బియ్యప్పిండి ఉండల్ని వేడి నీళ్లలో ఉడికించి తింటారు. విదేశాల్లో ఉంటూ మొదటిసారి రుచి చూసేవాళ్లకి దారులు రెండు.

శ్రమ: ప్యాకెట్‌కి పది నిమిషాలు. ఇంట్లో అయితే గంటన్నర, ముద్ద గడ్డకట్టే సమయం కాక.

పదార్థాలు: సంప్రదాయ పూర్ణంలో పంది కొవ్వు ఉంటుంది. శాకాహారులు ప్యాకెట్ వెనక తప్పక చదవాలి. ఇంట్లో వెన్న వేసుకోవచ్చు.

కొలత (12 ఉండలకి): జిగురు బియ్యప్పిండి 100 గ్రాములు, గోరువెచ్చని నీళ్లు సుమారు 80 మి.లీ. పూర్ణానికి వేయించి పొడి చేసిన నువ్వులు 40, చక్కెర 30, వెన్న 30 గ్రాములు. పూర్ణాన్ని 8 గ్రాముల గోలీలుగా చేసి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాకే చుట్టండి. మెత్తగా ఉంటే నూనె కారి అంచు అతుక్కోదు.

పొరపాట్లు: మన అరిసెల పిండి, మామూలు బియ్యప్పిండి పనికిరావు, పగిలిపోతాయి. మూడు ఏనుగుల తలలున్న థాయ్ ప్యాకెట్లలో ఆకుపచ్చ రంగుది జిగురు పిండి, ఎర్రది మామూలుది. ఫ్రోజెన్‌వి కరగనిస్తే ఒకదానికొకటి అంటుకుని చిరుగుతాయి. గడ్డగానే మరిగే నీళ్లలో వేసి, అడుగంటకుండా గరిటె వీపుతో నెమ్మదిగా తిప్పండి. తేలాక మరో రెండు నిమిషాలు చాలు.

ఏదైనా సరే, చిన్నపిల్లలకి ముక్కలు చేసి పెట్టండి, గొంతులో అడ్డుపడుతుంది.

రుచి ఎలా ఉంటుందో చూడాలంటే ప్యాకెట్ కొనండి. శాకాహారులైనా, పండక్కి నలుగురిని పిలిచినా ఇంట్లోనే చుట్టండి.