చిత్రకారుడి ఉత్తరమా, రచయిత ఉత్తరమా: ఏది కొంటే మేలు?

ఫ్రెంచ్ కళాకారుల చేతిరాత ఉత్తరాలు సేకరించడం మొదలుపెట్టేవాళ్ళు దాదాపు అందరూ నన్ను అడిగేది ఒకటే. ఉన్న కాస్త డబ్బు మోనే, పిస్సారో లాంటి చిత్రకారుల మీద పెట్టాలా, హ్యూగో, జోలా లాంటి రచయితల మీద పెట్టాలా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నాను.

అందనంత ఎత్తు ధరల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. 1845లో ఆత్మహత్య చేసుకుంటున్నానంటూ కవి బోదలేర్ రాసిన ఉత్తరం 2018లో 2,34,000 యూరోలు పలికింది. 1888 నవంబర్‌లో చిత్రకారులు గోగాఁ, వాన్ గోగ్ కలిసి తోటి చిత్రకారుడు ఎమీల్ బెర్నార్‌కి రాసినది 2020లో 2,10,600 యూరోలకు పోయింది. మనలాంటివాళ్ళం బేరం చేసే కింది అంతస్తులోకి వస్తేనే తేడా తెలుస్తుంది.

అక్కడ రచయితలే చవక. కారణం, వాళ్ళు తెగ రాశారు. ఒక్క నవలా రచయిత్రి జార్జ్ సాండ్ ఉత్తరాల సంపుటాలే 26. పైగా ఆ రోజుల్లో కొత్తగా పుస్తకం వేసిన ప్రతివాడూ పేరున్న రచయితకి ఒక ప్రతి పంపేవాడు, ఆయన మర్యాదకి రెండు ముక్కలు జవాబిచ్చేవాడు. మార్కెట్లో తిరిగేవాటిలో ఈ 'మీ పుస్తకం అందింది, ధన్యవాదాలు' సరుకే బోలెడు. 1901లో సాహిత్యానికి మొట్టమొదటి నోబెల్ అందుకున్న సుల్లీ ప్రుదొమ్ చీటీ వంద యూరోలకు అటూ ఇటూగా దొరుకుతుంది. కవి రేంబో మాట వేరు, ఇరవై ఏళ్ళకే కవిత్వం వదిలేసిన మనిషి. ఆయన ఉత్తరాల జోలికి మనం పోలేం.

చిత్రకారులు ఊరికే ఉత్తరం రాయరు. అవసరం పడితేనే రాస్తారు. డబ్బు కావాలి, ఫ్రేము రాలేదు, వాతావరణం మారి బొమ్మ సగంలో ఆగిపోయింది... మోనే తన బొమ్మలు అమ్మిపెట్టే డ్యూరాన్-రుయెల్‌కి రాసినవి చూడండి, ఎక్కడ చూసినా డబ్బు గొడవే. అందుకే వాటిలో మనిషి పని చేస్తూ కనిపిస్తాడు. ఫ్రెంచ్ అంతంతమాత్రం వచ్చినవాళ్ళకి ఇంకో సుఖం కూడా ఉంది. రంగులు, కాన్వాసు, ఫ్రాంకులు, ఫలానా తేదీ, ఇలా అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. దస్తూరి అలవాటైతే కూడబలుక్కుని చదివేయొచ్చు. 1880 వేసవిలో ఎదువార్ మానే (మోనే కాదు, ఈయన వేరే చిత్రకారుడు) పారిస్ దగ్గరి బెల్‌వ్యూ నుంచి నీటిరంగులతో పువ్వులూ ప్లమ్ పళ్ళూ వేసి పంపినలాంటివి మాత్రం ఆశించకండి. వాటికి ఉత్తరం ధర ఉండదు, బొమ్మ ధరే.

ఇంత చెప్పినా, నా లెక్కలో అసలు తేల్చేది రాసినవాడు కాదు, అందుకున్నవాడు. ఫ్లోబేర్ తన నవల 'మదామ్ బోవరీ' రాస్తూ ప్రియురాలు లూయీజ్ కోలేకి రాసిన ఉత్తరాల్లో ఒక్కో వాక్యం కోసం ఆయన పడ్డ యాతనంతా ఉంటుంది. అదే చెయ్యి ఎవరికో 'భోజనానికి రాలేను' అని రాస్తే కింద సంతకం తప్ప అందులో ఏముంటుంది? చిత్రకారుడు సెజాన్, రచయిత జోలా చిన్ననాటి స్నేహితులు. ఓడిపోయిన చిత్రకారుడి మీద జోలా నవల రాయడంతో 1886లో ఇద్దరికీ చెడిందని, ఆ ఏప్రిల్లో సెజాన్ రాసినదే ఆఖరి ఉత్తరమని చాలాకాలం చెప్పుకున్నారు. 1887 నవంబర్ 28 నాటి ఉత్తరం ఒకటి 2013లో బయటపడింది. అందులో సెజాన్ జోలా కొత్త పుస్తకం అందిందని కృతజ్ఞతలు చెబుతున్నాడు. చూడబోతే ఇదీ 'పుస్తకం అందింది' చీటీయే! ఎవరికి రాశాడు, ఎప్పుడు రాశాడు అన్నదే దానికంత విలువ తెచ్చింది.

కాబట్టి కొనేముందు సంతకం మీద వేలు పెట్టి మూసి చదవండి. అప్పటికీ ఆసక్తి నిలిస్తేనే కొనండి. నా ఓటు చిత్రకారులకే. అదీ మోనేకి కాదు, ఆ పక్కన నిలబడ్డవాళ్ళకి. మాక్సిమిలియన్ లూస్, రఫాయెల్లి లాంటివాళ్ళు మిత్రులకో వ్యాపారులకో పని గురించి రాసినవి వందల యూరోల్లోనే దొరుకుతుంటాయి. హ్యూగో మర్యాద చీటీకి పెట్టే డబ్బుతో ఇలాంటివి ఒకటికి రెండు రావచ్చు.

సంగీతకారుల ఉత్తరాల దారి వేరు, వాటి వెనకపడేవాళ్ళూ వేరు. సంతకం చేసిన ఫొటోలు, విజిటింగ్ కార్డులు నేనైతే కొనను. పెట్టుబడి కోసం అనేవాళ్ళకి అరిస్టోఫిల్ అనే పేరు గుర్తుచేస్తాను. చేతిరాతల్లో వాటాలు అమ్మిన ఆ పారిస్ కంపెనీ 2015లో బోర్డు తిప్పేసింది. సుమారు 18 వేల మంది డబ్బు ఇరుక్కుపోయింది. ఆ సరుకు 2017 డిసెంబర్ నుంచి ఏళ్ళ తరబడి వేలానికి వచ్చింది.

ఎక్కడ కొనాలంటే, మొదటిసారి దుకాణమే మేలు. పారిస్‌లోని ద్రువో వేలంశాలలో తక్కువకే పాట ఆగిందని సంబరపడతాం, దాని మీద పాతిక నుంచి ముప్పై శాతం దాకా కమిషన్ పడుతుంది. ఎక్కడ కొన్నా భూతద్దం మాత్రం దగ్గర పెట్టుకోండి. కలం గీత ఆగిన చోట సిరా కొంచెం మడుగు కట్టి ముదురుగా ఉంటుంది, అచ్చు నకలులో ఆ ఎత్తుపల్లాలు ఉండవు. కేటలాగులో 'ఎల్.ఎ.ఎస్.' అని ఉంటే ఉత్తరమూ సంతకమూ ఆయన చేతివే. 'ఎల్.ఎస్.' అని మాత్రమే ఉంటే రాసింది సెక్రటరీయో మరొకరో, ఆయనది సంతకం ఒక్కటే. ధర అడిగేముందు ఆ అక్షరాలు చూసుకోండి.