బ్రెడ్‌బోర్డా, డాట్ బోర్డా: చెరువు గట్టుకు ఏది మేలు?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే నెల్లూరు, ఒంగోలు విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "సార్, సర్క్యూట్‌ను బ్రెడ్‌బోర్డు మీదే ఉంచేయవచ్చా, డాట్ బోర్డు మీద టంకం వేయాలా?" బ్రెడ్‌బోర్డు అంటే టంకం లేకుండా తీగల కొసలను రంధ్రాల్లో గుచ్చే పలక; డాట్ బోర్డు అంటే రంధ్రాల చుట్టూ రాగి చుక్కలున్న, టంకం వేసి అతికే పలక. గదిలో బల్ల మీద చూపించేదయితే బ్రెడ్‌బోర్డు చాలు. కానీ మన పిల్లల్లో చాలామంది చేసేది రొయ్యల చెరువుల కోసం. అక్కడ లెక్క మారిపోతుంది.

బ్రెడ్‌బోర్డు గొప్పతనాన్ని తక్కువ చేయను. పది కిలో ఓముల రెసిస్టర్ తీసి నలభై ఏడు పెట్టి చూడటానికి అర నిమిషం చాలు. ఆలోచన కుదురుకునే వరకు దాన్ని మించినది లేదు. ఏ విలువ సరిపోతుందో తేలని సర్క్యూట్‌కు ముందే టంకం వేస్తే, ఊడదీసేటప్పుడు రాగి చుక్కలు లేచిపోతాయి.

అయితే నా దృష్టిలో తేల్చవలసింది వేగం కాదు, అతుకు. బ్రెడ్‌బోర్డు లోపల తీగ కొసను పట్టి ఉంచేది చిన్న స్ప్రింగు రేకు మాత్రమే. ముప్పై జంపర్ తీగలంటే అరవై కొసలు, అంటే వదులు కాగల చోట్లు అరవై. పైగా ఉప్పుగాలికి, రాత్రి చెమ్మకు ఆ రేకుల మీద పొర కడుతుంది. టంకం వేసిన చోట రెండు లోహాలూ కరిగిన టంకంతో ఒకటవుతాయి. మధ్యలో గాలికి చోటుండదు.

మైపాడు దగ్గర ఒక చెరువుకు కరెంటు పోతే మోగే అలారాన్ని బ్రెడ్‌బోర్డు మీదే కట్టాను. 230 వోల్టుల జోలికి పోకుండా, ఫోను ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులు ఉన్నాయా లేవా అని చూసే సర్క్యూట్ అది. బల్ల మీద వారం రోజులు పొరపాటు లేకుండా పనిచేసింది. గట్టు మీద మూడో రాత్రే ఊరికే మోగింది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంట పోతుంది. రైతు గుండె చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను రెండు రోజులు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. చివరికి దొరికింది వదులైన గ్రౌండ్ తీగ. తప్పు ప్రోగ్రామ్‌దో తీగదో తెలియకపోవడమే బ్రెడ్‌బోర్డుతో అసలు నష్టం.

ఇప్పుడు గట్టు మీద ఉన్నది డాట్ బోర్డు. ఐసీని (చిప్పును) నేరుగా టంకం వేయకుండా, ఊడదీసే వీలున్న బేస్ పెట్టి అమర్చాను. టంకం బాగా పట్టడానికి వాడగా అడుగున మిగిలిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక రెండు పూతలు వార్నిష్ వేశాను. ఆ పూత వేయకపోతే టంకం వేసినా ఉపయోగం సగమే.

సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే సిమ్యులేటర్ లెక్క సరిచూసుకోవడానికి మంచిదే, వదులు తీగ సంగతి దానికి తెలియదు. పీసీబీ (రాగి దారులు ముందే అచ్చయిన బోర్డు) చేయించడం పది పరికరాలు కావలసినప్పటి మాట.

నీటి ఆమ్ల, క్షార గుణం కొలిచే పీహెచ్ మీటర్ కట్టేవారికి మాత్రం ఒక హెచ్చరిక. గాజు ఎలక్ట్రోడు నిరోధం కోట్ల ఓములలో ఉంటుంది. చెమ్మ పట్టిన బోర్డు మీదుగా కరెంటు రవ్వంత కారినా రీడింగు మారిపోతుంది. అందుకే ఆ ఎలక్ట్రోడు తీగను డాట్ బోర్డుకు కూడా తాకనివ్వను. ఎలక్ట్రోడు సంకేతాన్ని అందుకునే ఆప్ ఆంప్ ఐసీ ఇన్‌పుట్ కాలిని పైకి వంచి, తీగను గాలిలోనే దానికి టంకం వేస్తాను.