ప్రోస్టేట్‌కి ‘సహజ విటమిన్ ఇ’ కొంటున్నారా? ముందు సీసా వెనక్కి తిప్పి చూడండి

మా నాన్నగారికి 68 ఏళ్లు. మార్చిలో ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష పీఎస్‌ఏ 7.4 వచ్చింది. ఎమ్మారై తీయించండి, అవసరమైతే బయాప్సీ చేద్దాం అన్నారు డాక్టరుగారు. బయాప్సీ మాట వినగానే నాన్న హడలిపోయారు. సరిగ్గా అప్పుడే నా ఫోన్‌లో ఒక ప్రకటన: సహజ టోకోట్రైయినాల్ (ఒక రకం విటమిన్ ఇ), ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను చంపుతుందని పరిశోధనల్లో తేలిందట. 60 గుళికలు 2,850 రూపాయలు. ఆర్డర్ పెట్టింది నేనే.

రెండు నెలలు వేసుకున్నారు. ‘ఇవి వాడుతున్నాను కదమ్మా’ అంటూ స్కాన్ వాయిదా వేస్తూ వచ్చారు. ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే సింకులో నురగంతా ఎర్రగా కనిపించింది. గుండె కోసం రక్తం పలచబడే మాత్ర ఆయన ఏళ్లుగా వాడుతున్నారు. దానికి పెద్ద మోతాదులో విటమిన్ ఇ తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుందని డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలీదు. గుళికలు వెంటనే ఆపించారు.

ఆ రాత్రి సీసా తీసుకుని కూర్చున్నాను. ముందువైపు పెద్ద ఆకుపచ్చ అక్షరాల్లో ‘టోకోట్రైయినాల్’. వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలను ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చూస్తే, టోకోట్రైయినాల్ 10 మిల్లీగ్రాములు, ఇంకో రకం విటమిన్ ఇ అయిన డీఎల్-ఆల్ఫా టోకోఫెరిల్ అసిటేట్ 400 ఐయూ (విటమిన్లను కొలిచే యూనిట్లు)! ‘డీఎల్’ అని ఉంటే ఫ్యాక్టరీలో తయారైంది. సహజమైనదైతే ఒక్క ‘డీ’నే ఉంటుంది.

ఆ 400 ఐయూ చూసి నా గుండె జారిపోయింది. అమెరికా, కెనడా, పోర్టోరికోల్లో 35 వేల మందికి పైగా మగవాళ్లతో 2001లో ‘సెలెక్ట్’ అనే పరీక్ష మొదలుపెట్టారు. అందులో ఇచ్చిన విటమిన్ ఇ ఇదే రకం, రోజుకి ఇదే మోతాదు. 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో వచ్చిన ఫలితాల్లో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ.

ప్రకటనలో చెప్పిన పరిశోధన అబద్ధం కాదు. తవుడు నూనెలో, పామాయిల్‌లో ఉండే గామా టోకోట్రైయినాల్‌ని ల్యాబులో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద వేస్తే అవి చచ్చాయి. కానీ అది గాజు పళ్లెంలో. మనం మింగితే అది రక్తంలో ఎక్కువసేపు నిలవదు, కాలేయం ఆ రెండో రకాన్నే, అంటే ఆల్ఫా టోకోఫెరాల్‌నే ఏరి దాచుకుంటుంది.

సీలు తీశారు కాబట్టి డబ్బు తిరిగివ్వం అన్నారు అమ్మినవాళ్లు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటివి వాడుతుంటే ఆ సీసా డాక్టరుకి చూపించండి, దాన్ని నమ్ముకుని పరీక్షలు మాత్రం ఆపొద్దు.

నాన్నకి స్కాన్ పోయిన వారం తీయించాం. సోమవారం బయాప్సీ.