సోలార్ వాటర్ హీటర్: ఏళ్ల తరబడి వాడాక

సోలార్ వాటర్ హీటర్ పెట్టించుకుందామనుకుంటున్నామని ఎవరైనా చెబితే, నేను ముందుగా అడిగేది ఏ కంపెనీది, ఎన్ని లీటర్లది అని కాదు. డాబా మీది ట్యాంకు నుంచి స్నానాల గదిలోని కుళాయి దాకా పైపు ఎంత పొడవు వస్తుందని అడుగుతాను. ఎండ తన పని తాను చేస్తుంది. ట్యాంకులో నీళ్లు కాగుతాయి, అందులో సందేహం లేదు. ఆ వేడి మన బకెట్టులోకి ఎంత చేరుతుందన్నదే ప్రశ్న. మా ఇంట్లో చాలా ఏళ్లుగా రెండు వందల లీటర్ల హీటరు వాడుతున్నాం. ఇది గాజు గొట్టాల రకం. వాడుతూ వాడుతూ నాకు ఏర్పడిన అభిప్రాయాలు ఇవి.

పైపు సంగతే ముందు చెబుతాను. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లున్న పైపులో మీటరుకు సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లు నిలుస్తాయి. పైపు 20 మీటర్లుంటే, రాత్రంతా చల్లారిపోయిన ఆరు లీటర్లు బయటికి పోతేగాని వేడినీళ్లు రావు. కుళాయి కట్టేసిన తర్వాత పైపులో మిగిలిన ఆరు లీటర్ల వేడినీళ్లూ అక్కడే చల్లారిపోతాయి. ఒకరి వెంట ఒకరు స్నానం చేసే ఇంట్లో ఇది పెద్దగా తెలియదు. గంటకొకరు చేసే ఇంట్లో ప్రతిసారీ నష్టమే. అందుకే ట్యాంకును స్నానాల గదికి వీలైనంత దగ్గరగా, నేరుగా పైన పెట్టించండి. పైపు లావును అవసరానికి మించి పెంచనివ్వకండి. బయట కనిపించే పైపు అంతటికీ నురగ తొడుగు వేయించి, ఆ తొడుగు ఎండకు పెళుసెక్కి రాలిపోకుండా పైన ఇంకో పొర చుట్టించండి. మా ఇంట్లో మొదట వేసిన తొడుగు కొన్నాళ్లకే పొడిపొడిగా రాలింది. మళ్లీ వేయించాక తేడా చేతికే తెలిసింది. వేడినీళ్ల లైనుకు మామూలు పీవీసీ పైపు పనికిరాదు, మెత్తబడి వంగిపోతుంది. సీపీవీసీ లాంటి వేడి తట్టుకునే పైపే వేయించాలి.

ఇక గొట్టాలు. ఒక్కోటి రెండు పొరల గాజు, మధ్యలో గాలి లేని ఖాళీ. లోపలి పొర మీద ఎండను పీల్చుకునే నల్లటి పూత ఉంటుంది. లోపల కాగిన నీళ్లు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లనివి కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. మంచి గొట్టాన్ని మిట్టమధ్యాహ్నం ఎండలో పట్టుకున్నా పైగాజు చేతికి అంతగా కాలదు. కాలుతోందంటే లోపలి శూన్యం పోయిందన్నమాట. కింది కొసన అద్దంలా వెండి రంగులో మెరిసే మచ్చ ఉంటుంది. గాలి చొరబడితే అది పాలలా తెల్లబడుతుంది. నేను డాబా ఎక్కినప్పుడల్లా ఆ వరుసనంతా ఒకసారి చూసుకుంటాను. ఒక్క గొట్టం తెల్లబడ్డా ఎక్కడ వేడి పోతోందో చూపు పడగానే తెలిసిపోతుంది. మార్చడం కష్టమేమీ కాదు. నీళ్లు దించి, రబ్బరు రింగుకు సబ్బునీళ్లు రాసి, మెల్లగా తిప్పుతూ దూర్చాలి. అయితే ఖాళీగా ఎండలో కాగిన గొట్టంలోకి చన్నీళ్లు వదిలితే పగిలిపోతుంది. ఆ పని తెల్లవారుజామునో, ఎండ దిగాకో చేసుకోవాలి.

మాది బోరు నీళ్లు, సున్నం ఎక్కువ. నీళ్లు ఎంత వేడెక్కితే అంత సున్నం విరిగి పేరుకుంటుంది. గొట్టాన్ని ఊడదీసి తలకిందులు చేస్తే అడుగునుంచి గోధుమవన్నె తెల్లటి పెచ్చులు చేతినిండా రాలతాయి. మీ నీళ్లూ ఇలాంటివైతే, సన్నటి రాగి గొట్టాలుండే పలక రకం జోలికి వెళ్లవద్దనే నా సలహా. అందులో సున్నం పడితే కడగడం చాలా కష్టం. ఆ రకమే కావాలనుకుంటే, వేడిని వేరే ద్రవం ద్వారా నీళ్లకు అందించే ఏర్పాటున్నది తీసుకోండి. వేసవిలో వేడినీళ్ల వాడకం తక్కువ, కాగడం ఎక్కువ. అప్పుడు నేను సగం గొట్టాల మీద మందపాటి గుడ్డ కప్పేస్తాను. సున్నం తగ్గుతుంది, ఒళ్లు కాలే ప్రమాదమూ తగ్గుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ రెండోది చిన్న విషయం కాదు. ముందు చన్నీళ్లు పట్టి, తర్వాతే వేడినీళ్లు కలపడం అలవాటు చేయాలి.

బిగించినవారు చేసిన ఒక పొరపాటు వల్ల మేం చాలా ఇబ్బంది పడ్డాం. ట్యాంకు పైన గాలి గొట్టం ఒకటి ఉంటుంది. దాని కొస చల్లనీళ్ల ట్యాంకులోని నీటి మట్టం కన్నా ఎత్తున ఉండాలి. వారు పొట్టిగా వదిలేశారు. చల్లనీళ్ల ట్యాంకు నిండినప్పుడల్లా ఆ గాలి గొట్టం నుంచి నీళ్లు కారేవి. చూడటానికి వచ్చిన ప్లంబరు మూత బిగించేస్తానన్నాడు. అది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకండి. నీళ్లు దిగేటప్పుడు లోపలికి గాలి రాకపోతే ట్యాంకు రేకు లోపలికి కుంగిపోతుంది. ఆవిరికి దారి లేకపోతే అదింకో ప్రమాదం. గొట్టాన్ని పొడిగిస్తే సమస్య తీరింది.

కరెంటు ఎంత మిగులుతుందో లెక్క సులువే. వంద లీటర్లను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి దాదాపు 4.6 యూనిట్లు కావాలి. ఎండ బాగా కాసిన రోజు ఆ మేరకు నికరంగా ఆదా. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం గోరువెచ్చగానే వస్తాయి. దీనికోసం సోలార్ ట్యాంకులోనే కరెంటు కడ్డీ పెడతామంటారు. నాకు అది నచ్చలేదు. ఇద్దరి స్నానం కోసం ట్యాంకు మొత్తం కాచాలి. స్నానాల గదిలో చిన్న గీజరు పెట్టి, సోలార్ లైనును దానికి కలపడం మేలు. వేడినీళ్లు లోపలికి వచ్చినా తట్టుకునే గీజరేనా అని కొనేముందు తప్పక అడగండి.

సాయంత్రం ఎక్కువ వాడితే ఆ మేరకు చన్నీళ్లు ట్యాంకులో చేరి, పొద్దున్న వేడి తగ్గుతుంది. కాబట్టి ఎన్ని లీటర్లది కొనాలో మనుషుల సంఖ్యతో పాటు స్నానాల వేళను బట్టి కూడా తేల్చుకోవాలి. ఎదురింటి గోడ నీడను చలికాలంలో చూడండి. అప్పుడు సూర్యుడు కిందుగా నడుస్తాడు, నీడ పొడవవుతుంది, వేడినీళ్లు కావలసిందీ అప్పుడే.

ట్యాంకు లోపల తుప్పును తన మీదకు తెచ్చుకుని అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. దాని గురించి అమ్మేవారు తమంతట తాము చెప్పడం నేను వినలేదు. అది పూర్తిగా అరిగిందంటే తర్వాతి వంతు ట్యాంకుదే. మాది ఈమధ్య విప్పి చూస్తే సన్నబడి, గుంటలు పడి ఉంది. కొత్తది తెప్పించాను, ఈసారి గొట్టాలు కడిగేటప్పుడే దాన్నీ మార్పిస్తాను.